రాళ్ల కుప్పకు ఇంటి పన్ను

ఊరు ఊరంతా ఇంటి పన్ను తగ్గించమని అర్జీలు పట్టుకొని తిరుగుతుంటే, మా ఆవిడ మాత్రం మా ఇంటికి పన్ను వేయమని తిరిగింది. కొరివితో తల గోక్కోవడం అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఒక మనిషి తల దువ్వుకొని, చెప్పులేసుకొని, ఆ కొరివి ఎక్కడుందో పనిగట్టుకొని వెతుక్కుంటూ పోవడం నేను మొదటిసారి చూసింది మా ఇంట్లోనే.

నా పేరు ఖాదర్ వలి. మార్కాపురంలో ఆటో తోలుతాను. మా ఆవిడ రహమత్‌బీ పలకలకు చట్రాలు బిగిస్తుంది. బడిపిల్లలు రాసుకునే రాతిపలకలే. ఒకప్పుడు కార్ఖానాకు పోయి చేసేది. పలకలు అడిగేవాళ్లు తగ్గాక, ఉన్న కాస్త పనీ ఇంటికే తెచ్చుకొని వాకిట్లో కూర్చొని చేస్తోంది. ఒక్కగానొక్క కూతురు ఉజ్మాను గిద్దలూరులో ఇచ్చాం. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. తగువు పెట్టుకోవాలన్నా ఒకరికొకరమే దిక్కు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పెళ్లి నేను చేశాను. ఇల్లు మాత్రం ఆవిడే కట్టింది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేదుగానీ, చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి ఒప్పుకోక తప్పదు. కార్ఖానాలో పగిలిన పలకలు, మచ్చ పడినవి, అంచు విరిగినవి వెనక గుట్టగా పారబోస్తారు. పనికిరాని ముక్కలు తీసుకుపొమ్మని యజమాని అంటే, మిగతా ఆడవాళ్లు నవ్వి ఊరుకున్నారు. ఈమె తీసుకుంది. వారం వారం నా ఆటోలో వేసుకొచ్చింది. ప్యాసింజర్లు కూర్చునే సీటు మీద రాళ్లేమిటని నేను గొంతు చించుకునేవాణ్ణి. ఆవిడ వినేది కాదు.

అట్లా గోడలు లేచాయి. గోడలు పలక ముక్కలే, అరుగు పలక ముక్కలే, నీళ్ల తొట్టి పలక ముక్కలే. పైన ఇనుప దూలాల మీద నాపబండలు పరిపించి మిద్దె వేయిస్తే, ఎండ దిగుతోందని ఆ మిద్దె మీద కూడా పలక ముక్కలే పరిచి సందుల్లో సిమెంటు కూరింది. నల్లవి, ఆకుపచ్చవి, తుప్పురంగువి. ఎండాకాలం మా ఇంట్లో కూర్చున్నవాళ్లు లేవరు, అంత చల్లగా ఉంటుంది. చుట్టూ ఉన్నవి మాత్రం పాత కార్ఖానాల రాతి కుప్పలు. వీధికి మాదే చివరి ఇల్లు, మా తర్వాత కుప్పలే.

ఈ వేసవిలో మా వీధికి కొత్త నీళ్ల పైపు వచ్చింది. మా ఊళ్లో నీళ్ల సంగతి చెప్పాలంటే అదే ఒక గ్రంథమవుతుంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరు డ్రైవరుకే తెలియదు. రహమత్‌బీ వీధి మొదట్లో ఉన్న బోరు నుంచి బిందెలు మోసీ మోసీ, చంకన బిందె లేనప్పుడు కూడా ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. అందుకే పైపు కాలువ తవ్వే మిషను వీధిలోకి వచ్చిన పొద్దున, ఆవిడ పని పక్కనబెట్టి ఎదురుపోయింది. పని చేయించే మేస్త్రీ వెస్లీ రాచర్ల ఊరి మనిషి, నా ఆటోలో చాలాసార్లు ఎక్కినవాడే.

"మా ఇంటికి ఎప్పుడొస్తాది వెస్లీ?" అని అడిగింది.

"వచ్చేస్తాదక్కా. ఇంటికొక కొళాయి. మీ ఇంటి పన్ను నంబరు చెప్పు, రాసుకుంటా."

రహమత్‌బీ నా వైపు చూసింది. నేను ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాను. మా ఇంటికి పన్ను నంబరు లేదు. ఎవరూ ఎప్పుడూ వేయలేదు, నేను అడగలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అనుకుంటూ ఇన్నేళ్లు హాయిగా ఉన్నాను.

"నంబరు లేకపోతే కనెక్షన్ రాదక్కా," అన్నాడు వెస్లీ. "పైపు వేసినాక పైన సిమెంటు రోడ్డు పోస్తారు. ఒకసారి పోసినాక ఇంగ తవ్వనియ్యరు. ఏం జేసినా ఆలోపే చేసుకోవాల."

ఆ మధ్యాహ్నమే నన్ను వార్డు సచివాలయానికి లాక్కుపోయింది. అక్కడ యశ్వంత్ అనే కుర్రాడు పన్నుల పని చూస్తాడు. మంచివాడు. ఎవరు పోయినా కుర్చీ వేస్తాడు. రహమత్‌బీ కుర్చీలో కూర్చోకుండానే, "నాయనా, మా ఇంటికి పన్ను ఎయ్యి," అంది.

పక్కన వరుసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆ వరుసలో మా వీధి మొదట్లో కిరాణా దుకాణం ఉన్న ఉమామహేశ్వర్లు కూడా ఉన్నాడు. రెండంతస్తుల ఇల్లు ఆయనది. పై అంతస్తులో ఎవరూ ఉండరు, దానికి పన్ను తీసేయాలని ఆయన అర్జీ. ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "ఏంది ఖాదరూ, చెల్లెమ్మకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

యశ్వంత్ తన ట్యాబు తీసి చాలాసేపు వేలితో జరిపాడు. చివరికి తలెత్తి, "పెద్దమ్మా, అక్కడ ఇల్లు లేదు," అన్నాడు.

"యాడ లేదు?"

"ఇందులో లేదు." ట్యాబు మా వైపు తిప్పాడు. కిందటేడు ఎవరో కంపెనీ వాళ్లు డ్రోను ఎగరేసి ఊరంతా పైనుంచి ఫోటోలు తీశారట. ఆ ఫోటోలు చూసి ఏది ఇల్లు, ఏది ఖాళీ స్థలం అని గీతలు గీశారట. ఉమామహేశ్వర్లు మిద్దె, దాని మీద నీళ్ల డ్రమ్ము, టీవీ గొడుగు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. వీధి చివరికి వచ్చేసరికి బూడిదరంగు కుప్పలు. వాటిలో మొదటి కుప్ప మా ఇల్లు. దాని చుట్టూ ఎర్రగీత గీసి 'ఖాళీ స్థలం, రాతి వ్యర్థాలు' అని రాశారు.

తప్పు వాళ్లదని కూడా అనలేను. పైనుంచి చూస్తే నాకూ కుప్పలాగే కనిపించింది. రహమత్‌బీ మాత్రం వంగి చూసి, "ఇదిగో, ఇది నా గుడ్డలుతికే బండ. ఇది నా అరుగు. నువ్వు మొన్న ఈ అరుగు మీదనే గదా టీ తాగినావు?" అంది.

"తాగినా పెద్దమ్మా."

"కుప్ప మీద కూచోని తాగినావా?"

యశ్వంత్ ముఖం ఎర్రబడింది. "నాకు తెల్సు పెద్దమ్మా. దీనికి తెలీదు," అని ట్యాబు చూపించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇస్తానంటున్నాడు, పళ్లెం ఒప్పుకోవడం లేదు.

పాపం, వాడు ఊరుకోలేదు. మరునాడు మా ఇంటికొచ్చి వీధిలో నుంచి ఫోటో తీసి పై ఆఫీసుకు పంపాడు. ఆ ఫోటోలో వాకిట్లో చట్రాలు బిగించని పలకలు దొంతర్లుగా ఉన్నాయి, వెనక పలకల గోడ ఉంది, మధ్యలో నేను ఉన్నాను. 'రాళ్లు, ఒక మనిషి కనిపిస్తున్నారు, ఇల్లు కనిపించడం లేదు' అని తిరిగొచ్చింది. నన్నైనా గుర్తించినందుకు సంతోషించాను.

"ఇంగ ఒకటే దారి మామా," అన్నాడు యశ్వంత్ నాతో. "మున్సిపాలిటీలో కొత్తగా కలిసిన వీధులకు వచ్చే వారం మళ్లీ డ్రోను ఎగరేస్తారు. మన వీధి మీదిగా గూడ ఒకసారి పోనియ్యమని నేను రాసి పెడతా. కాకపోతే పైనుంచి చూస్తే ఇల్లని తెలియాల."

దారిలో నేను ఆటో తోలుతూ సంతోషం ఆపుకోలేకపోయాను. "చూసినావా? గవర్నమెంటే చెప్పింది మనకు ఇల్లు లేదని. పన్ను లేదు, పాడు లేదు. ఉమామహేశ్వర్లన్న ఏడుస్తా ఉండాడు, మనం నవ్వుకుందాం. నీళ్లకేముంది, ఇన్నాళ్లు తాగలేదా?"

ఇంటి దగ్గర ఆటో ఆపాక రహమత్‌బీ దిగలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"ఉజ్మా అబ్బా," అంది. కూతురు పుట్టినప్పటి నుంచీ నన్ను అట్లాగే పిలుస్తుంది. "నువ్వు ఇన్నాళ్లు తాగినావు. నేను మోసినా. రోడ్డు పోస్తే నేను సచ్చేదాకా మోయాల్సిందే. సరే, అది గూడ మోస్తా. కానీ ఆ ఫోటోలో ఏం రాసినారు? నేను కట్టింది కుప్ప అని రాసినారు. ఒక్కొక్క ముక్క ఈ చేతుల్తో ఎత్తి పెట్టినా. వేళ్లు తెగితే పసుపు పెట్టుకొని మళ్లీ ఎత్తినా. అది కుప్ప అని అందరూ నమ్మితే, నేనింతకాలం ఏం జేసినట్టు?"

నేను కోపిష్టివాణ్ణి. పోట్లాటకు జవాబు ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. కానీ ఆవిడ పోట్లాడలేదు. కళ్లు తుడుచుకోలేదు కూడా. దిగి లోపలికి పోయింది. నేను స్టీరింగు పట్టుకొని అక్కడే కూర్చున్నాను. కార్ఖానా నుంచి రాళ్లు వేసుకొచ్చిన రోజుల్లో సీటు పాడవుతుందని నేను అరిచిన అరుపులన్నీ నాకే వినిపించాయి. సిగ్గేసింది. ఉన్నమాట చెప్తున్నాను.

మరునాటి నుంచి మిద్దెను ఇల్లులా కనిపించేట్టు చేసే పని మొదలైంది. ఈసారి నేనూ కూడాను. మెట్లెక్కి పైకి పోయి పాత నీళ్ల డ్రమ్ము పెట్టాం. తాడు కట్టి చీరలు ఆరేశాం. గాలికి చీరలు పోయి పక్క కుప్ప మీద పడ్డాయి. యశ్వంత్ పక్కనున్న పెద్ద కుప్ప ఎక్కి తన ఫోనుతో తీసి చూపిస్తే, కుప్ప మీద డ్రమ్ము పారేసినట్టు ఉంది, అంతే. మా తిప్పలు చూడడానికి ఉమామహేశ్వర్లు కూడా వచ్చాడు.

"ఎందుకమ్మా ఈ కష్టం? నా ఇల్లు కుప్ప అని ఎవరైనా రాసిస్తే వాళ్లకు శాలువా కప్పుతా. నేను పన్ను పెరుగుతాదని మూడేండ్ల నుంచి ఇంటికి సున్నం గూడ కొట్టడంలే. సున్నం మూటలు గోడౌన్లో గడ్డలు కడతా ఉండాయి."

"సున్నం ఉందా అన్నా?" అంది రహమత్‌బీ.

"కావాలంటే తీసుకపో. మిద్దెకు కొట్టుకుంటావా?"

"మిద్దెకు కొడితే తెల్ల కుప్ప అంటారు," అంది. కాళ్ల కింద పరిచిన పలకల వైపు చూసింది. తర్వాత నన్ను అడిగింది, "పలక మీద ఏం చేస్తారు?"

"రాస్తారు," అన్నాను నేను, పిచ్చి ప్రశ్న అన్నట్టు.

"అయితే రాద్దాం."

సాయంత్రానికల్లా సున్నం మూటలు మా అరుగు మీదికి వచ్చాయి. ఉమామహేశ్వర్లు డబ్బులు తీసుకోలేదు. ఆయన జన్మలో అది మొదటిసారి అని నా అనుమానం.

ఇక ఏం రాయాలన్న దగ్గర మళ్లీ తగువు. నేను ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి ఆ విషయంలో నా మాటే చెల్లాలని నా వాదన. "ఖాదర్ వలి ఇల్లు అని రాద్దాం. పేరుంటే అధికారులకు నమ్మకం," అన్నాను.

"ఎవరు కట్టినారు?"

"కట్టింది నువ్వే, కాదనడంలే. ఇంటి యజమాని అంటే..."

"పట్టా ఎవరి పేరున ఉంది?"

పట్టా ఆవిడ పేరునే ఉంది. ఇళ్ల స్థలాలు ఆడవాళ్ల పేరున ఇచ్చినప్పుడు ఇచ్చినది. ఆ కాగితం ట్రంకుపెట్టెలో ఉన్నదని నాకు తెలుసు, అందులో ఎవరి పేరుందో కూడా తెలుసు. అయినా ఊళ్లో అందరూ ఖాదర్ వలి ఇల్లు అంటారు. వాళ్లు అనగా అనగా నేనూ నమ్మేశాను. ఇప్పుడు నోరు మూసుకొని చాక్‌పీసు తీసుకున్నాను.

అక్కడొక చిక్కు వచ్చింది. రహమత్‌బీకి రాయడం రాదు. రెండో తరగతిలోనే మానిపించి చట్రాల పనిలో కూర్చోబెట్టారు. ఎందరు పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారో ఆవిడ బిగించిన పలకల మీద. మన జిల్లా పిల్లలు, పై రాష్ట్రాల పిల్లలు. ఆవిడ మాత్రం వేలిముద్ర. నేనే పైకెక్కి రాసేస్తానన్నాను. "నా మిద్దె, నేనే రాస్తా. నువ్వు చిన్నగా రాసియ్యి, నేను పెద్దగా దించుతా," అంది.

ఒక పలక మీద రాసిచ్చాను: 'ఇది కుప్ప గాదు. ఇల్లు. పన్ను వేయండి. రహమత్‌బీ.'

'కాదు' అని రాయాలేమో అని తర్వాత అనుమానం వచ్చింది గానీ, మేం గాదు అనే అంటాం. అట్లాగే ఉంచేశాను.

పొద్దున్నే ఎండెక్కక ముందు మిద్దె ఎక్కి, సున్నం బక్కెట్టులో చీపురు ముంచి, వంగి రాసింది. ఒక్కో అక్షరం మనిషంత పొడవు. నేను పలక పట్టుకొని ముందు నడుస్తుంటే, దాన్ని చూస్తూ నా వెనకే దించుకుంటూ వచ్చింది. 'ఇ' దగ్గర మెలిక ఎటు తిరగాలో తేలక చాలాసేపు నిలబడింది. చోటు చాలక పేరులో 'బీ' కింది వరుసలోకి పోయింది. పూర్తయ్యాక నడుం మీద చేతులు పెట్టుకొని చూసుకుంది. ముఖమంతా సున్నం. పెళ్లినాడు కూడా అంత అందంగా లేదు. ఆ మాట అంటే, "ముసలోడివైనావు, దిగు," అంది.

డ్రోను రావాల్సిన నాటికి ముందురోజు గాలివాన కొట్టింది. మా వైపు ఎండాకాలం వాన రావడమే అరుదు. రావద్దనుకున్న రోజు మాత్రం వస్తుంది. గంటసేపు దంచి పోయింది. పైకెక్కి చూస్తే అక్షరాలు పాలు ఒలికినట్టు మిద్దె అంతా పాకి, చూరు నుంచి గోడల మీదికి కారిపోయాయి. ఒక్క అక్షరం మిగల్లేదు. కిందికి చూస్తే వెస్లీ మిషను సగం వీధి దాటి వచ్చేసింది. రోడ్డు పోసే కంకర లారీ కూడా వీధి మొదట్లో దిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. నాకే అంత బాధ ఉంటే ఆవిడకెంత ఉంటుందని, చెప్పడానికి మంచి మాట కోసం వెతుక్కుంటూ మెట్లు దిగాను.

రహమత్‌బీ అప్పటికే ఉమామహేశ్వర్లు దుకాణం నుంచి జిగురు తెచ్చి సున్నంలో కలుపుతోంది. "జిగురు లేని సున్నం నిలుస్తాదా? నాదే బుద్ధితక్కువ," అని తననే తిట్టుకుంటోంది.

తెల్లారాక మిద్దె తడి ఆరగానే మళ్లీ ఎక్కింది. నేను పలక వెతికి, తుడిచి, రాసుకొని మెట్లెక్కేసరికి ఆవిడ 'కుప్ప' దాకా వచ్చేసింది. పలక నా చేతిలోనే ఉంది. ఆవిడ దాని వైపు చూడలేదు. పెదవులు కదిలిస్తూ, చీపురు ముంచుతూ, తనంతట తానే రాసుకుంటూ పోతోంది. ఈసారి చోటు ముందే చూసుకొని, తన పేరు మొత్తం ఒకే వరుసలో పట్టించింది. నేను బక్కెట్టు మోశాను.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు డ్రోను వచ్చింది. తేనెటీగల మోత. దాన్ని నడిపే గోపి అనే కుర్రాడు వీధి మధ్యలో గొడుగు కింద కూర్చొని చిన్న తెర చూసుకుంటున్నాడు. వీధి మొదటి నుంచి నెమ్మదిగా తెస్తూ మా ఇంటి మీదికి రాగానే చెయ్యి ఆపేశాడు. తెర దగ్గరగా పెట్టుకొని చూశాడు. ఆపైన పడీ పడీ నవ్వాడు. వెస్లీ మనుషులు పార వదిలేసి మూగారు. పైనుంచి ఆ కుప్పల మధ్య తెల్లటి అక్షరాలు మెరుస్తున్నాయి. అంత ఎత్తు నుంచి చూసినా చదవడానికి కష్టం లేదు.

"అన్నా, ఇన్ని ఊర్లు తిరిగినా గానీ, పన్ను ఎయ్యమని కింద నుంచి నన్ను పిలిచిన ఇల్లు ఇదే," అన్నాడు గోపి.

ఆ ఫోటో సాయంత్రంలోగా ఎన్ని ఫోన్లు తిరిగిందో నాకు తెలియదు. మరునాడు పొద్దున మా వీధిలోకి తెల్ల జీపు వచ్చింది. కమిషనర్ మేడం దిగింది. వెనక యశ్వంత్ టేపు పట్టుకొని, నవ్వు ఆపుకోలేక తలొంచుకొని నిలబడ్డాడు. అంతలోకే మిషను మా వాకిలి ముందుకు వచ్చి ఆగింది. కంకర లారీ దాని వెనకే ఉంది.

మేడం ఇల్లంతా తిరిగింది. గోడ మీద చెయ్యి వేసి చల్లదనం చూసింది. మెట్లెక్కి మిద్దె మీద నిలబడి, కాళ్ల కింద ఉన్న అక్షరాలు తొక్కకుండా పక్కకు జరిగింది. ఆ ఒక్క పనికి నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

"పన్ను తగ్గించమని రోజూ వస్తారు. వేయమన్నవాళ్లను నా సర్వీసులో చూడలేదమ్మా," అంది.

"ఎయ్యమన్నా గానీ మేడం, ఎక్కువ ఎయ్యగాకండి," అంది రహమత్‌బీ.

మేడం గట్టిగా నవ్వింది. యశ్వంత్ టేపు ఒక కొస రహమత్‌బీకి ఇచ్చాడు. ఇద్దరూ గదులు కొలిచారు, వరండా కొలిచారు. పట్టా తెమ్మంటే ట్రంకుపెట్టె నుంచి నేనే తెచ్చి ఇచ్చాను. ఎర్రగీత చెరిపి, కొత్త గీత గీసి, 'నివాస గృహం' అని యశ్వంత్ అక్కడే నిలబడి నొక్కాడు. ట్యాబులో గుండ్రటి గుర్తు కాసేపు గింగిరాలు తిరిగింది. తిరుగుతున్నంతసేపూ వెస్లీ లారీకి అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొడుతుంటే, "కొట్టుకో నాయనా, నంబరు రాంది నేను జరగను," అన్నాడు. నంబరు వచ్చింది. వెస్లీ దాన్ని తన చేతి మీదే రాసుకొని, "తవ్వండ్రా!" అని అరిచాడు.

కొళాయి మా వాకిట్లో, అరుగు పక్కన బిగించారు. నీళ్లు వదిలిన రోజు ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రమట్టి నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత తేటవి. రహమత్‌బీ బిందె పెట్టలేదు. దోసిలి పట్టి ముఖం కడుక్కుంది. మళ్లీ పట్టి మళ్లీ కడుక్కుంది. వీధిలో వాళ్లంతా చూస్తున్నారని కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది, వచ్చిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

కొన్నాళ్లకు పన్ను నోటీసు వచ్చింది. ఆలోపు ఆవిడ రోజూ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని పలక మీద మిగతా అక్షరాలు కూడా దిద్దుకుంది. కట్టి వస్తానని నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. చట్రాల డబ్బులు జేబురుమాలులో మూట కట్టుకొని, నన్ను ఆటో తీయమంది. కౌంటరు దగ్గర పెద్ద వరుస. అందరి చేతుల్లోనూ తగ్గింపు అర్జీలే. వరుసలో మా వెనకే ఉమామహేశ్వర్లు. రహమత్‌బీ మూట విప్పి డబ్బులిచ్చి, రసీదు తీసుకొని, పక్కకు జరగకుండా అక్కడే నిలబడింది. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకొని వేలు ఆనించింది.

"ర... హ... మ... త్... బీ."

వెనకవాళ్లు గొణిగారు. "జరుగమ్మా, ఆఫీసు మూసే టైమైతా ఉంది," అన్నాడొకడు.

"చదవనియ్యండయ్యా," అని కసిరాడు ఉమామహేశ్వర్లు. "ఆమె రసీదు, ఆమె ఇష్టం."

రహమత్‌బీ వేలు కింది వరుసకు జరిగింది. "భ... ర్త..." అని కూడబలుక్కుంది. అక్కడ ఆగి, నా వైపు తిరిగి, నవ్వు దాచుకుంటూ అడిగింది, "ఇదెవరు?"

"నేనే," అన్నాను, వరుసంతా వినేటట్టు. "మీ ఇంట్లో ఉండేవాణ్ణి."